టెలిఫోను తంతిలోని నాదములు

టెలిఫోనున నంబరు త్రిప్పిన పిమ్మట మన చెవినబడు నాదములను గూర్చి మనలో ననేకులు విచారింపరు. గంట మ్రోగుచున్నట్లు వినబడినచో వేచియుందుము. తెగి తెగి కూసినచో అవతలివారు వేరొకరితో మాటలాడుచున్నారని పెట్టివేయుదుము. ఈ నాదముల చరిత్రమును, మన యిండ్లలోని వృద్ధులకు అప్పుడప్పుడు వచ్చు మూగ పిలుపులకు గల యొక కారణమును నేడు మనవి చేయుదును.

మొదట నీ నాదములతో పనిలేకుండెను. ఎక్స్చేంజిలో నొక మనిషి కూర్చుండి, ఏ నంబరు కావలయునని యడిగి, తీగెను కలిపి, వారు పలుకుట లేదని నోటితోనే చెప్పుచుండెడిది. అమెరికాలో కాన్సాస్ సిటీయందు శవసంస్కారములు జరిపించు వృత్తిలోనుండిన ఆల్మన్ స్ట్రోజర్ అనునతడు, మనిషి లేకయే తీగెలు కలుపు యంత్రమునకు 1891లో పేటెంటు పొందెను. తనకు రావలసిన పిలుపులను ఆపరేటరు పోటీదారునకు మరల్చుచున్నదను ననుమానమే దీనికి మూలమని యొక కథ చెప్పుదురు. కథ యెట్లున్నను, మరుసటి యేడు ఇండియానా రాష్ట్రమందలి లాపోర్ట్ పట్టణమున ఆ యంత్రము పనిలోనికి వచ్చెను.

మనిషి లేచిపోగా ఆ మాటల తావున నాదములు నిలిచినవి. అవియు దేశమునకొక యాసగా నేర్పడినవి. అమెరికాలో గంటనాదము రెండు సెకనులు మ్రోగి నాలుగు సెకనులు ఆగును. ఇంగ్లండునందును మన దేశమందును రెండు మార్లు పొట్టిగా మ్రోగి రెండు సెకనులు ఆగును. వినువాడు మనిషియైనంత కాలము ఈ భేదములవలన చిక్కు లేదు. రెండు దినములలో చెవి యలవాటు పడును.

పిమ్మట పిలుచువాడే యంత్రమయ్యెను. సరకులమ్మువారు, బాకీలు వసూలు చేయువారు వేలకొలది నంబరులను యంత్రముచేత త్రిప్పించి, పలికినవారిని మాత్రము తమ గుమాస్తాలకు కలుపుకొనసాగిరి. మనిషి చెవికై పుట్టిన నాదమును యంత్రము గుర్తింపవలసి వచ్చెను. గెరాల్డ్ గోర్ట్‌జెల్ 1958లో ప్రకటించిన గణిత పద్ధతి యిందుకు మిక్కిలి తోడ్పడెను. సంతగోలలో తంబుర శ్రుతి నొక్కదానినే వెదకు గాయకునివలె, ఆ పద్ధతి తనకు కావలసిన స్వరమును మాత్రమే లెక్కించును.

నాకు మిక్కిలి వింతగా తోచునది మూడు మెట్ల నాదము. నంబరు పనిచేయుట లేదను ప్రకటనకు ముందు, సెకనునకు సుమారు 950, 1400, 1800 కంపములు గల మూడు స్వరములు వరుసగా వినబడును. అమెరికా యింజనీర్లు ఈ స్వరముల యెత్తును, నిడివిని కొంచెము మార్చి, నంబరు లేదనుటకును త్రోవ లేదనుటకును యంత్రమునకు మాత్రమే స్పష్టమగు భేదములను అందులో నిమిడ్చిరి. ఈ స్వరములు విన్న పిలుపు యంత్రము ఆ నంబరును పట్టికనుండి కొట్టివేయును. ఈ మర్మము తెలిసికొని, 2001 ప్రాంతమున అమెరికాలో టెలీజాపర్ అను చిన్న పెట్టె నమ్మిరి. ఇంటివారు ఫోనెత్తగనే అది యట్టి స్వరమును పలికి, యంత్రమును మోసగించును! యంత్రములవారును ఊరకుండలేదు, నాదముతో పనిలేక, ఎక్స్చేంజి పంపు వార్తలను బట్టియే ఫలితము తెలిసికొను త్రోవ త్రొక్కిరి.

ఇక మూగ పిలుపులు. అందరును పలుకరని తలచి యంత్రము గుమాస్తాల సంఖ్యకు మించి నంబరులు త్రిప్పును. ఎక్కువమంది పలికినచో, మిగిలినవారికి నిశ్శబ్దమే దక్కును. అమెరికా ప్రభుత్వము 2003లో దీనికి హద్దు పెట్టెను: పలికినవారిలో నూటికి ముగ్గురికి మించి యిట్లు విడువరాదు; పలికిన రెండు సెకనులలో మనిషిని కలుపవలయును.

మరియొక చిక్కు కలదు. పొట్టిగా "హలో" యని యాగినచో మనిషియనియు, ఆగక మాటలాడినచో మాటలు పట్టియుంచు యంత్రమనియు కొన్ని పిలుపు యంత్రములు లెక్కగట్టును. "ఎవరు నాయనా, ఏ యూరినుండి, అందరును కులాసాయేనా" యని పలుకరించు మన పెద్దలు దాని లెక్కలో యంత్రములగుదురు! గంటకు బదులు పాట వినిపించు వాడుక ఈ శతాబ్దపు తొలి దశకమున మన దేశమున వ్యాపించినది. ఎవరును ఫోనెత్తకమునుపే వినబడు ఆ త్యాగరాజ కీర్తననో సినిమా పాటనో విని, ఎవరో పలికినారని నాదములనే నమ్ముకొన్న యంత్రము భ్రమించుటయు కలదు.