తాడుకు రెండో కొస: భువనగిరి బండ మీద శిక్షణ చరిత్ర

భువనగిరి కొండ మొత్తం ఒకే బండ. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, యాభై కిలోమీటర్ల లోపు, చుట్టూ ఉన్న నేల మీద సుమారు 500 అడుగుల ఎత్తున గుడ్డు ఆకారంలో నిలబడి ఉంటుంది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు (పాలనా కాలం 1076–1126) ఇక్కడ కోట కట్టించాడు. ఆయన బిరుదు మీదుగానే ఊరికి త్రిభువనగిరి అనే పేరు వచ్చిందని చెబుతారు. జనం నోట అదే భువనగిరి, భోనగిరి అయింది. నున్నగా నిటారుగా దిగిన పక్కలే ఈ కోటకు సహజమైన ప్రాకారాలు. 1708లో తిరుగుబాటు నాయకుడు సర్వాయి పాపన్న దళం వరంగల్ తర్వాత దాడి చేసింది ఈ ఊరి మీదే. పూర్వం నల్లగొండ జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2016 అక్టోబరు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాకు కేంద్రం.

శత్రువు ఎక్కకూడదని ఎంచుకున్న బండ తొమ్మిది శతాబ్దాల తర్వాత ఎక్కడం నేర్పే బడి అయింది. దానికి నేల స్వభావం ఒక కారణం. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) మెరకలన్నీ కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. పై మట్టి కొట్టుకుపోయి గుట్టలు, పరుపు బండలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు బయటపడ్డాయి. వ్యవసాయానికి ఈ నేల పెద్దగా కలిసిరాలేదు. చెరువు నిండితేనే పంట, నిండకపోతే వలస. రాళ్లు ఎక్కేవారికి మాత్రం ఇలాంటి రాయి దొరకడం అదృష్టం. గ్రానైటు గట్టిది, పట్టు ఊడిరాదు. గరుకైన తలం మీద బూటు అడుగు నిలుస్తుంది. ఏటవాలు బండ, నిలువు గోడ, పగులు, ఎగుడుదిగుడు గుండ్లు అన్నీ ఒకే కొండ చుట్టూ దొరుకుతాయి. ఎండ ముదిరితే రాయి కాలుతుంది కాబట్టి తెల్లవారుజామున పని మొదలుపెట్టాలి, అంతే.

రాయి ఎక్కడాన్ని చూసేవారు అది ఒంటరి సాహసం అనుకుంటారు. నిజానికి అది ఇద్దరి పని. ఎక్కే మనిషి నడుముకు హార్నెస్ ఉంటుంది. దానికి ఎనిమిది అంకె ఆకారంలో ముడివేసిన తాడు పైకి వెళ్లి, బండ తలన బిగించిన ఆధారం గుండా తిరిగి, కింద నిలబడ్డ రెండో మనిషి చేతికి వస్తుంది. ఈ రెండో మనిషి చేసే పనిని బిలే అంటారు. పైవాడు ఒక అడుగు వేస్తే కిందివాడు ఒక జానెడు తాడు లాగి వదులు తీయాలి. కాలు జారిన క్షణంలో తాడును బిగబట్టి ఆపాలి. ఎక్కేవాడు భయపడవచ్చు, అలసిపోవచ్చు, ఏడవవచ్చు కూడా. బిలే పట్టినవాడు చూపు తిప్పకూడదు. అడుగు తీసే ముందు ఒకరి ముడిని ఒకరు తడిమి చూసుకోవాలి, సిద్ధమా అని అడగాలి, సిద్ధమే అన్న జవాబు చెవిన పడాలి. ఎక్కినవాడు దిగాక పాత్రలు మారతాయి. ఇప్పటిదాకా తాడు పట్టినవాడి ప్రాణం ఇప్పుడు ఎక్కి దిగినవాడి చేతికి వెళుతుంది. నమ్మకం గురించి ఏ పాఠ్యపుస్తకం రాసినదానికన్నా ఇది స్పష్టమైన పాఠం.

అయితే ఆటలతో శీలం అలవడుతుందన్న ఆలోచన మన బడుల్లోకి వచ్చిన దారి వేరు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించాడు. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడే ఆట కావాలి, అందులో మోటుతనం ఉండకూడదు. అందుకే బంతి పట్టుకుని పరుగెత్తడాన్ని నిషేధించి, పక్కవాడికి అందించక తప్పని ఆటను తయారుచేశాడు. అదే స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా సంస్థను నెలకొల్పాడు. దక్షిణ భారతదేశపు బడుల్లో డ్రిల్లు మాస్టారు పీఈటీ సారుగా మారడానికి ఈ సంస్థ నుంచి వచ్చిన తరాలు చాలావరకు కారణం. తెలుగు నేల మీద శిక్షకుడి స్థానం ఎంత పెద్దదో చూపినవాడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా మొదలై, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్ది, 1951లోనూ 1962లోనూ భారత జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించిపెట్టాడు. బంతిని ఎక్కువసేపు కాళ్ల దగ్గర ఉంచుకోవద్దని, పక్కవాడికి అందించమని ఆయన పట్టుబట్టేవాడు.

నల్లగొండ, పాలమూరు పల్లెలకు ఈ శిక్షణ అందడానికి ముందు పిల్లవాడు బడిలో నిలవాలి. కరువు ఏడాది తల్లిదండ్రులు వలస పోతే పిల్లలూ వెంట పోయేవారు. పంతులు ఎంత మంచివాడైనా ఖాళీ బెంచీకి పాఠం చెప్పలేడు. ఈ చిక్కుకు ఒక జవాబు నల్లగొండ జిల్లాలోనే పుట్టింది. 1971 నవంబరు 23న ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు సర్వేల్ గ్రామంలో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి గురుకుల పాఠశాలను ప్రారంభించారు. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఇంకో రెండు వచ్చాయి. పల్లె పిల్లలకు ప్రవేశపరీక్ష, ఉచితంగా తిండి, బట్ట, పుస్తకం, ఉపాధ్యాయులతో ఒకే ఆవరణలో కాపురం. ఈ పద్ధతినే ఆయన 1980ల్లో కేంద్ర మంత్రిగా నవోదయ విద్యాలయాలతో దేశమంతటికీ తీసుకెళ్లారు. తర్వాత తెలంగాణ డీజీపీగా పనిచేసిన ఎం. మహేందర్‌రెడ్డి సర్వేల్ విద్యార్థే.

గురుకులంలో ఆట మైదానానికి ఒక ప్రత్యేకత ఉంది. సాయంత్రం నాలుగింటికి బడి మూసుకోదు. పొద్దున వ్యాయామం చేయించిన సారే రాత్రి చదువుకునే వేళ కనిపిస్తాడు. కబడ్డీలో కాలు పట్టుకుని లాగిన పిల్లాడే భోజనాల వరుసలో పక్కన కూర్చుంటాడు. వారానికి రెండు గంటల ఆటలో తేలని గుణాలు అక్కడ దాగవు. ఎవరు పంచుకుంటారు, ఎవరు అలుగుతారు, ఎవరు ఓడినా మర్నాడు మళ్లీ వస్తారు అన్నది శిక్షకుడికి ఏడాది తిరిగేసరికి తెలిసిపోతుంది.

దళిత, గిరిజన పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980ల్లో విస్తరించాయి. వాటి వెనుక ఎస్.ఆర్. శంకరన్ అనే ఐఏఎస్ అధికారి తపన ఉంది. వెట్టిచాకిరీ నిర్మూలనకు జీవితం ధారపోసిన ఆయన 2010లో కన్నుమూశారు. 2012లో ఈ గురుకులాల సంస్థకు కార్యదర్శిగా వచ్చిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ మహబూబ్‌నగర్ జిల్లా అలంపురంలో పుట్టినవాడు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఆ ఊరి నుంచి బయలుదేరి ఐపీఎస్ దాకా వచ్చాడు. అణగారిన ఇళ్ల పిల్లలకు లోపించింది తెలివి కాదని, తాము పెద్ద పనులకు తగినవారమన్న ధీమా అని ఆయన అభిప్రాయం. ఆ ధీమా ఉపన్యాసాలతో రాదు. ఎవరూ ఊహించని పని ఒకటి ఈ పిల్లల చేత చేయించాలి. ఆయన ఎంచుకున్నది పర్వతారోహణ.

అప్పటికి తెలుగువారిలో పర్వతారోహకులు లేకపోలేదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2007లో బచినేపల్లి శేఖర్‌బాబు ఎవరెస్టు ఎక్కాడు. భువనగిరి కొండ దగ్గర రాక్ క్లైంబింగ్ శిక్షణను పాదుకొల్పింది ఈ శేఖర్‌బాబే. 2013లో గురుకులాల నుంచి ఎంపికైన నూటికి పైగా పిల్లలను ఆయన చేతిలో పెట్టారు. వారిలో నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ ఉంది, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఉన్నాడు. పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూ కబడ్డీ, వాలీబాల్ ఆడేది. భువనగిరి బండను మొదటిసారి చూసినప్పుడు కాళ్లు వణికాయని ఆమె తర్వాత చెప్పింది.

శిక్షణ నేల దగ్గరే మొదలవుతుంది. మనిషి ఎత్తున్న గుండ్ల మీద, తాడు లేకుండా, అడ్డంగా కదలడం నేర్పుతారు. రెండు చేతులు, రెండు కాళ్లు కలిపి నాలుగు ఆధారాల్లో మూడు ఎప్పుడూ రాతిని అంటుకుని ఉండాలి, ఒక్కటే కదలాలి. కొత్తవారు చేతులతో వేలాడతారు, నిమిషంలో ముంజేతులు బిగుసుకుపోతాయి. బరువు కాళ్ల మీద వేయమని, రాతికి అతుక్కుపోకుండా ఒళ్లు కాస్త వెనక్కి పెట్టి అడుగు ఎక్కడ పడుతుందో చూడమని శిక్షకుడు కింద నుంచి చెబుతూనే ఉంటాడు. ఆ తర్వాత తాడు, బిలే, ఎత్తు. చివరగా తాడు పట్టుకుని వీపు లోయ వైపు పెట్టి దిగడం. చాలామందికి ఎక్కడం కంటే ఈ దిగడమే భయం, ఎందుకంటే అంచు దగ్గర ఒళ్లంతా వెనక్కి వాల్చి తాడును నమ్మాలి. మంచి శిక్షకుడు ఈ చోట తోయడు, అరవడు. అడుగు తీసేదాకా పక్కనే నిలబడతాడు.

ఆ వందమందిలో ఇరవై మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడ వారు దాదాపు 17,000 అడుగుల రెనాక్ పర్వతం ఎక్కారు. తర్వాత తొమ్మిది మంది చలికాలంలో లదాఖ్ వెళ్లారు. చివరికి మిగిలింది పూర్ణ, ఆనంద్. ఈ కథ చెప్పేటప్పుడు పత్రికలు ఎక్కువగా శిఖరం మీదే ఆగాయి. చరిత్రలో నిలవవలసింది మాత్రం ఈ వడపోత. కండబలం ఉన్నవారిని ఏరడం తేలిక. చలిలో, ఆకలిలో, నిద్రలేమిలో పక్కవారి మీద విసుక్కోకుండా చెప్పిన మాట వినగలవారిని ఏరాలంటే నెలలు పడుతుంది. భువనగిరిలో ఆగిపోయిన ఎనభై పైచిలుకు మంది కూడా ముడి వేయడం, మరొకరి బరువు మోయడం నేర్చుకున్నాకే హాస్టళ్లకు తిరిగి వెళ్లారు. వారు ఓడిపోయినవారు కారు.

2014 ఏప్రిల్‌లో ఇద్దరూ ఎవరెస్టుకు బయలుదేరారు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లు నిండనివారికి అనుమతి లేదు కాబట్టి టిబెట్ వైపు దారి పట్టారు. ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ హిమపాతంలో 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. వెనక్కి వస్తారా అని హైదరాబాద్ నుంచి అడిగితే, వెళ్తామనే ఇద్దరూ జవాబిచ్చారు. మే 25 తెల్లవారుజామున శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అంతకన్నా చిన్నవారు లేరు. జాతీయ జెండాతో పాటు అంబేద్కర్, శంకరన్ చిత్రాలను వారు శిఖరం మీద పట్టుకున్నారు. ఆ తర్వాత ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

పదమూడేళ్ల పిల్లను 8,848 మీటర్ల ఎత్తుకు పంపడం న్యాయమేనా అన్న ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. 8,000 మీటర్లు దాటాక గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో మూడో వంతే. అక్కడ పొరపాటు జరిగితే దిద్దుకునే వ్యవధి ఉండదు. నేపాల్ వయసు పరిమితి పెట్టుకుంది అందుకే. ఈ యాత్రకు సమర్థన ఏదైనా ఉంటే అది రికార్డులో లేదు, దానికి ముందు జరిగిన మెట్టుమెట్టు తయారీలో ఉంది. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2016లో ఆఫ్రికాలోని కిలిమంజారో, 2022 జూన్‌లో ఉత్తర అమెరికాలోని డెనాలీ ఎక్కి ఏడు ఖండాల శిఖరాలు పూర్తిచేసింది. 2017లో రాహుల్ బోస్ ఆమె కథను ‘పూర్ణ’ పేరుతో హిందీ చిత్రంగా తీశాడు.

భువనగిరి బండ మీద పెరిగిన ఈ విద్య క్రీడగానే మిగిలిపోలేదు. ఈ జిల్లాల్లో తరతరాలుగా ఎత్తు మీద బతికేవారు కల్లు గీసే గీత కార్మికులు. మోకు అనే తాడు, ముత్తాదు సాయంతో రోజూ తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కి దిగుతారు. మోకు జారితే పట్టుకునే రెండో మనిషి ఉండడు. ప్రతి ఏడూ చెట్టు మీద నుంచి పడి కొందరు చనిపోతారు, ఇంకొందరు నడుము విరిగి మంచం పడతారు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు జారినా మనిషి కింద పడకుండా పట్టి ఉంచే ఏర్పాటు అది. దాని రూపకల్పనలో శేఖర్‌బాబు సంస్థ ట్రాన్సెండ్ అడ్వెంచర్స్ పాలుపంచుకుంది. కిట్టు చేతికిచ్చి పంపితే చాలదు, వాడకం నేర్పాలి. అందుకని కార్మికులకు శిక్షణ ఇచ్చి మరీ అందజేస్తున్నారు.