సీసపు సిపాయి, రంప అడవి: సూక్ష్మ సైనిక ప్రతిమల్లో కనిపించని మన్యం యుద్ధాలు

వలసపాలన కాలపు సైనిక చరిత్రకు దస్త్రాలు, గెజిటీర్లతో పాటు ఆటవస్తువులు కూడా ఆధారాలే. 1893లో ఇంగ్లండులోని విలియం బ్రిటన్ సంస్థ లోపల గుల్లగా ఉండే సీసపు సైనికులను పోతపోయడం ప్రారంభించింది. సీసం తక్కువ పట్టడంతో ధర తగ్గింది. సుమారు 54 మిల్లీమీటర్ల ఎత్తున్న ఈ బొమ్మలు మొదట పిల్లల చేతుల్లోకి, తరువాత సేకర్తల అద్దాల బీరువాల్లోకి చేరాయి. సామ్రాజ్యపు పటాలాలను వరుసగా రూపొందించిన ఆ సంస్థ జాబితాలో మద్రాస్ నేటివ్ ఇన్ఫంట్రీ కూడా ఉంది. ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు స్థిరపడటాన్ని గుర్తుచేసుకుంటే, ఈ బొమ్మ తెలుగువారికి పరాయిది కాదు.

మద్రాసు పదాతిదళం పాల్గొన్న అడవి యుద్ధం తూర్పు కనుమల్లోనే జరిగింది. మన్సబుదారు దోపిడీ, చిగురుపన్ను, కొత్త అబ్కారీ నిబంధనలు కలిసి 1879 మార్చిలో రంప తిరుగుబాటుకు దారితీశాయి. ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకులను అణచడానికి ప్రభుత్వం పోలీసులతో పాటు 6 మద్రాసు పదాతి పటాలాలను దించవలసి వచ్చింది. అయినా పాలకుల భాషలో అది యుద్ధం కాలేదు, ‘పితూరీ’గానే మిగిలింది. పితూరీ అంటే ఫిర్యాదు అనే అర్థం కూడా ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ పేరు సంఘటన స్థాయిని తగ్గించిందన్నది నిజం. జులూ యోధులకు సీసపు ప్రతిమలు దక్కాయి. కొండరెడ్డికి, కోయకు దక్కలేదు. ఎదుటివాడు లేని యుద్ధంలో సిపాయి బొమ్మ చదునైన చిన్న పీటపై నిలబడింది. ఆ పీటపై అడవి లేదు, మన్యపు జ్వరం లేదు, సామాను మోసిన కూలీ అసలే లేడు.

1922–24 నాటి పోరాటం విషయంలో సమస్య వేరు. అక్కడ ప్రతిమలకు కొరత లేదు. 2022 జూలై 4న భీమవరంలో ఆవిష్కరించిన అల్లూరి సీతారామరాజు కాంస్య విగ్రహం ఎత్తే 30 అడుగులు. సినిమా, క్యాలెండరు, కూడలి విగ్రహం కలిసి ఆయన చేతిలో విల్లును స్థిరపరిచాయి. కాని 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై జరిగిన దాడుల లక్ష్యం తుపాకులే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు మరణించిన తరువాత ఈ పోరు పోలీసు వ్యవహారంగా మిగలలేదు. మలబారు ప్రత్యేక పోలీసులు చాలక 1924లో అస్సాం రైఫిల్స్‌ను రప్పించారు. విల్లు మాత్రమే చూపే విగ్రహం ఈ సైనిక వ్యూహాన్ని మరుగుపరుస్తుంది. గాం గంటందొర, మల్లుదొరలను కూడా. సీసపు బొమ్మలో శత్రువు లేడు, కాంస్య విగ్రహంలో దండు లేదు.

ఈ కొండల దిగువన, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను తరిణి పట్టి లక్క పూస్తారు. తరిణిపై రూపం గుండ్రంగానే వస్తుంది. తుపాకీ, కావడి విడిగా చేసి అతికించాలి. ఆ కర్రతో మన్యం పోరాటపు బొమ్మల వరుస ఎవరైనా చేయించదలిస్తే, నా అభిప్రాయంలో తొలి బొమ్మ సిపాయిదీ కాదు, విలుకానిదీ కాదు. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కింద నర్సీపట్నం–చింతపల్లి రోడ్డుపై చాలీచాలని కూలికి రాళ్లు మోసిన మనిషిది.