టేకు దుంగలో వానల లెక్క

పల్నాటి చరిత్ర యనగానే మనవారు నాగులేటి యొడ్డుకో, కార్యమపూడి రణరంగమునకో పోవుదురు. వీరుల పేర్లు వంశములతో సహా చెప్పగల ఈ సీమ, సర్కారువారు వర్షమాపకములు నిలుపుటకు ముందు ఏ యేట ఎంత తడిసెనో చెప్పజాలదు. ఆ లెక్క వ్రాసిపెట్టినది, నా మతమున, నల్లమల యంచున నిలిచిన చెట్టు.

టేకు మాను వేసవి యెల్ల మోడై నిలిచి తొలకరితో చిగిర్చును. అప్పుడు బెరడు క్రింద పుట్టు క్రొత్తకొయ్యలో మొదట పెద్ద రంధ్రముల వరుస యొకటి ఏర్పడి, పిమ్మట రంధ్రములు సన్నగిలి, వానలు వెనుదీసిన పిదప పెరుగుదల నిలిచిపోవును. దుంగను అడ్డముగా కోసి నునుపు చేసినచో ఆ వరుసలు కంటికే కానవచ్చును. ఏటికొక వలయము, అయినను నడుమ వానలు తెగి మరల పట్టినచో రెండు పడుటయు, గడ్డు బెట్టలో అసలే పడకుండుటయు గలదు గావున, పలు చెట్ల వరుసలను సరిపోల్చి గాని సంవత్సరమును నిర్ణయింపరాదు.

ఈ పద్ధతిని శాస్త్రముగా నిలిపినవాడు ఖగోళజ్ఞుడగుట వింత. అరిజోనాలో ఎ.ఇ. డగ్లస్ సూర్యునిపై మచ్చల ఆవృత్తిని వెదకుచు చెట్ల వలయములను కొలువ మొదలిడి, 1929 నాటికి శిథిలగృహముల దూలములకు కాలనిర్ణయము చేయగలిగెను. మన దేశమున పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన బోర్గాంవ్‌కర్ ప్రభృతులు కేరళ టేకులనుండి 1481 మొదలు 2003 వరకు 523 సంవత్సరముల వరుసను కూర్చి 2010లో ప్రకటించిరి. ఎల్‌నినో వలన ఋతుపవనము తప్పిన యేండ్ల జాడ అందు గలదు.

నాడు పల్నాడు చేరియుండిన గుంటూరు మండలమునకును కరవు క్రొత్త గాదు. 1832–33లో వచ్చిన డొక్కల కరవున, అయిదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువ గాకుండ నశించిరని అంచనా. 1876–78లో ధాత కరవు. అయితే వలయము వాన తప్పుటనే చెప్పును గాని, ఆకలి వేళ శిస్తు విడువని దొరతనమును గూర్చి చెప్పదు. పైగా కొమ్మ నరికినను, కార్చిచ్చు సోకినను చెట్టు సన్నని వలయమే వేయును. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము, పుల్లరి యను మేతపన్ను, 1922లో మించాలపాడు కడ దాని నెదిరించిన కన్నెగంటి హనుమంతును బలిగొన్న కాల్పులు — ఇన్ని చూచిన అడవిలో మనుష్యుని గొడ్డలిని వాననుండి వేరుచేయుట సులభము గాదు.

గొడ్డలి సోకని ముదురు మాను దొరకనిచో నరసరావుపేట, గురజాలల పాత మిద్దెల దూలములే శరణ్యము. అవి నల్లమలవో, గోదావరి మన్యమునుండి వచ్చినవో ముందు తేలవలెను. మరియు వడ్రంగి చెదలకు వెరచి తెల్లని పైకొయ్యను చెక్కివేసి చేవను మాత్రమే నిలుపును గనుక, బెరడునంటిన కడపటి వలయములు పోయి, మాను కూలిన యేడు తెలియరాదు. ఫలాని యేటికి పిమ్మట ననియే చెప్పవచ్చును.