ఋతువులు, మద్యసార ఇంధనము

ద్రవము మండదు, ద్రవమునుండి లేచిన ఆవిరియే మండును. మద్యసారముతో నడచు కారుల చరిత్రలోని పెక్కు చిక్కులును, వానిని దాటుటకై యంత్రశాస్త్రజ్ఞులు పన్నిన పెక్కు ఉపాయములును ఈ ఒక్క సత్యమునుండియే పుట్టినవి. పెట్రోలులో తేలికగా ఆవిరియగు అంశములు కొన్ని యుండుటచేత గడ్డకట్టు చలిలోను అది నిప్పురవ్వ నందుకొనును. చెఱకునుండియు మొక్కజొన్ననుండియు తీయు ఇథనాలు అను మద్యసారము మాత్రము, వాతావరణము ఇంచుమించు 13 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువకు పోయినప్పుడు, మండదగినంత ఆవిరి నీయజాలదు. అయినను వేగప్రియులకు దానిపై గల మక్కువ సామాన్యమైనది కాదు. ఏలయన అది ఆవిరియగునపుడు పెట్రోలుకంటె రెట్టింపునకు మించిన వేడిని గ్రహించి, సిలిండరులోనికి పోవు గాలిని చల్లబఱచి, ఎక్కువ ఒత్తిడికి లోనైనను అకాలమున భగ్గుమనక నిలుచును.

1973 నాటి చమురు సంక్షోభమున దిగుమతుల భారమునకు క్రుంగిన బ్రెజిలు ప్రభుత్వము 1975 నవంబరు 14వ తేదీన ‘ప్రోఆల్కూల్’ అను జాతీయ మద్యసార ప్రణాళికను ప్రకటించెను; 1979లో కేవలము ఇథనాలుతోనే నడచు ఫియట్ 147 కారు విపణిలోనికి వచ్చెను. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములకు జూను, జూలై మాసములు చలికాలము. ఆ వేకువలయందు ఇంజను మొరాయించుచుండుటచే, బానెట్టు క్రింద ఒక చిన్న పెట్రోలు ట్యాంకు నమర్చి, ఇంజను అందుకొనువఱకు ఆ పెట్రోలును కొలదికొలదిగా చిమ్మునట్లు ఏర్పాటు గావించిరి. 2003లో వోక్స్‌వ్యాగన్ సంస్థవారు తెచ్చిన ‘గోల్ టోటల్ ఫ్లెక్స్’ కారునకు, పొగగొట్టములో మిగిలిన ప్రాణవాయువును పరిశీలించి, దానినిబట్టి ట్యాంకులోని మిశ్రమ మెట్టిదో గ్రహించు నేర్పు అలవడెనే గాని, ఆ చిన్న ట్యాంకు మాత్రము తొలగలేదు. ఇథనాలును ముందుగా వెచ్చచేసి ఇంజనునకు పంపు విధానముతో 2009లో వెలువడిన ‘పోలో ఇ-ఫ్లెక్స్’ ఆ ట్యాంకు అవసరమునే తొలగించెను.

ఇట్లు బ్రెజిలు కారును మార్చుకొనగా, మంచుదేశములు ఇంధనమునే మార్చుకొన్నవి. నూటికి 85 పాళ్లు ఇథనాలు, 15 పాళ్లు పెట్రోలు గలదిగా పేరొందిన ‘ఇ85’ స్వీడనునందు శీతకాలమున 75 పాళ్లకు దిగును. అమెరికాలో ‘డి5798’ అను ప్రమాణము రాష్ట్రమునుబట్టియు మాసమునుబట్టియు ఇంధనమును తరగతులుగా విభజించి, ఇథనాలు వేసవిలో 79 పాళ్లకును, నడిమి తరగతిలో 74 పాళ్లకును, గట్టి చలిలో 70 పాళ్లకును తగ్గరాదని విధించియుండెను. 2011లో దానిని సవరించి, 51 మొదలు 83 వఱకు ఎంతైనను ఉండవచ్చునని విశాలమైన హద్దు లేర్పఱచిరి. తక్కిన పాళ్లను పూరించు పెట్రోలే చలిలో మొదటి ఆవిరి నందించి ఇంజనును మేల్కొలుపును.

సామాన్య ప్రయాణికుని కీ మార్పు తెలియనైన తెలియదు. ఇంధనపు బలముపైననే తన ఇంజను బలమును నిలుపుకొన్నవాని స్థితి వేరు. 2005లో వెలువడిన సాబ్ 9-5 బయోపవర్ పెట్రోలుతో 150 అశ్వశక్తియు, ఇ85తో 180 అశ్వశక్తియు చూపెను. 2007 నాటి కోనిగ్‌సెగ్ సీసీఎక్స్ఆర్, పెట్రోలు కారుగా 806 అశ్వశక్తి గల యంత్రమే, మద్యసారముతో 1018కి ఎదిగెను. అట్టి ఇంజనును వేసవి ఇంధనమునకు సరిపఱచి, టర్బో ఒత్తిడిని హద్దువఱకు పెంచి, మార్పెఱుగక శీతకాలపు ఇంధనమును పోసినచో, చల్లదనమును నిలుకడయు తగ్గి ఇంజను కొట్టుకొన నారంభించును. చలికాలపు కొలతలతో సరిపఱచినదానికి వేసవి ఇంధనము పోసినచో, పెట్రోలుకంటె ఇథనాలు ఎక్కువ పరిమాణమున కావలసియుండుటచే, చిమ్మినది చాలక మిశ్రమము పలుచనై, పిస్టనులకే ముప్పు వాటిల్లును.

కావున కారు సవరించువారు కొలుచుట నేర్చుకొనిరి. గీతలు గల సన్నని గాజు గొట్టములో అడుగుగీతవఱకు నీరు పోసి, దానిపై పై గీతవఱకు ఇంధనమును నింపి, మూత బిగించి గట్టిగా కుదిపి నిలిపినచో, ఇథనాలు పెట్రోలును విడిచి నీటిని చేరును. పెట్రోలు పైకి తేలును. నీటిమట్టము ఏ గీతవఱకు పెరిగినదో అదియే ఇథనాలు పాలు. తరువాత ఈ పని యంత్రమునకే అప్పగింపబడెను. విద్యుత్ క్షేత్రమునకు స్పందించు గుణము పెట్రోలున ఇంచుమించు 2, ఇథనాలున ఇంచుమించు 24 అగుటచే, ఇంధన గొట్టములో అమర్చిన సెన్సారు ఆ భేదమును గ్రహించి, శుద్ధ పెట్రోలునకు 50, శుద్ధ ఇథనాలునకు 150 హెర్ట్జుల సంకేతమును పంపును. కంప్యూటరు దానినిబట్టి ఇంధనమును, నిప్పురవ్వ వేళను, టర్బో ఒత్తిడిని అప్పటికప్పుడు దిద్దుకొనును.

ఋతువునుబట్టి పాళ్లు మార్చుట కల్తీ కాదు, మోసమును కాదు. చలిలో ఇంజను కదలుటకై ప్రకృతికి చెల్లింపవలసిన పన్ను అది. అయితే ఆ పన్ను ఎంతయో చెల్లించువానికి తెలియవలెను. 51 మొదలు 83 వఱకు అని పంపుపై ఒక విశాలమైన హద్దు వ్రాసి ఊరకుండుటకంటె, ఆనాడు ట్యాంకులోనికి దిగిన సరకులో ఇథనాలు ఎంతయున్నదో అంకెలతో వ్రాయుట అమ్మువారికి కష్టమైన పని కాదు. సెన్సారు లేని పాత కారు గలవానికి ఆ ఒక్క అంకెయే ఇంజనునకు రక్షయగును.