మాదిరి కారు – కుట్టు పడవ

1938లో అమెరికాయందు జనరల్ మోటార్సు వారి పక్షమున హార్లీ ఎర్ల్ అను నాతడు బ్యూయిక్ వై-జాబ్ అను కారును రూపొందించెను. అది విక్రయమునకు గాదు. రాబోవు కార్ల రూపమును జూపు మాదిరి మాత్రమే. దాని దీపములు మూతల వెనుక దాగెడివి. మాదిరి కార్లలో నిదియే మొదటిదని పెక్కురి మతము.

ఇట్టి వానినిగూర్చి కారుప్రియులలో రెండు పక్షములు గలవు. నేటి సొగసే రేపటి వాడుకకు దారియని కొందఱందురు. బాట నెఱుగని బండి బొమ్మయేయని మఱికొందఱందురు. ఎర్ల్ మాత్రము ఆ కారును తానే పెక్కేండ్లు నడిపెను.

భావనపాడు వంటి తీరగ్రామముల పెద్దలకు ఈ విచారణ క్రొత్త గాదు. మన తూర్పుతీరపు మసూలా పడవ పలకలను మేకులు లేక కొబ్బరినారతో కుట్టెడివారు. అందుచే నది అలదెబ్బకు వంగునే గాని విఱుగదు. 1979లో మొదలైన బంగాళాఖాత మత్స్యకార్యక్రమము వారును క్రొత్త పడవలను కెరటములయందే పరీక్షించిరి. కావున మాదిరికి తీర్పరి చూచువాడు గాదు, దానిపై ప్రాణము నుంచువాడేయని నా యభిప్రాయము.