గర్భస్రావం తరువాత మళ్ళీ గర్భం: ఆసరా

ఒకసారి గర్భం పోయాక మళ్ళీ గర్భం కోసం ఎదురుచూసే నెలల్లో ఆ స్త్రీకి, ఆమె భర్తకు ఇంట్లో, ఆస్పత్రిలో, ఉద్యోగంలో దొరికే ఆసరా గురించిన వ్యాసం ఇది. గర్భస్రావానికి కారణాలు, చికిత్సలు ఈ విషయానికి కావలసిన మేరకే ఇందులో ఉన్నాయి. ఇంటి సంగతులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవి. పరిశోధనలు ఎక్కువగా యూరప్ దేశాలవి.

2021లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించిన వ్యాసాల ప్రకారం నిర్ధారణ అయిన గర్భాల్లో సుమారు 15 శాతం గర్భస్రావంతో ముగుస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఇవి ఏడాదికి 2.3 కోట్లని అంచనా. అంతకుముందు ఒకసారి గర్భం పోయినవారిలో మళ్ళీ పోయే అవకాశం 20 శాతం, రెండుసార్లు పోయినవారిలో 28 శాతం, మూడుసార్లు లేదా అంతకు మించి పోయినవారిలో 43 శాతం దాకా ఉన్నట్టు అదే లెక్క చెబుతుంది. అంటే ఒక్కసారి పోయినవారిలో ఐదుగురికి నలుగురు తరువాతిసారి ఈ గండం దాటుతున్నారు. ధైర్యం చెప్పడానికి ఇంతకన్నా మంచి అంకె లేదు. డిశ్చార్జి రోజున మాత్రం మందుల చీటీతో పాటు దీన్ని చెప్పి పంపేవారు తక్కువ.

పేరు, హద్దులు

తెలుగిళ్ళలో ‘గర్భస్రావం’ అనే మాట దాదాపు వినబడదు. ‘కడుపు పోయింది’, ‘కడుపు నిలవలేదు’ అంటారు. ఇప్పుడు అందరినోటా ఉన్నది ‘అబార్షనయింది’. దానంతటది పోవడానికీ, కోరి తీయించుకోవడానికీ పేరు ఒకటే కాబట్టి తేడా అంతా క్రియలో ఉంటుంది: ‘అయింది’, ‘చేయించుకుంది’. ఆస్పత్రి కాగితం మీద ఆ క్రియ ఉండదు. ఒకసారి గర్భం పోయి మళ్ళీ నెల తప్పినావిడ ఓపీ కార్డు మీద ‘జీ2 ఏ1’ అని రాస్తారు. రెండో గర్భం, ఒక అబార్షన్ అని దాని అర్థం. ఆ ‘ఏ’ ఏ రకమో కార్డు చెప్పదు. నర్సు గట్టిగా ‘అయిందా, చేయించుకున్నారా?’ అని అడిగితే, వరండాలో బెంచీ మీద ఉన్న పదిమంది ముందు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కోరి తీయించుకోవడానికి ‘గర్భవిచ్ఛిత్తి’ అనే పదం, దాన్ని అనుమతించిన 1971 చట్టం తరువాత రాతలో కొంత స్థిరపడింది గానీ నోటి మాటలోకి రాలేదు.

ఆయుర్వేదంలో నాలుగో నెల దాకా పోతే స్రావం, అయిదు, ఆరు నెలల్లో పోతే పాతం. నేటి వైద్యంలో హద్దు దేశాన్ని బట్టి మారుతుంది. మన డాక్టర్లు సాధారణంగా 20 వారాలు అంటారు, బ్రిటన్‌లో 24. భారత ప్రసూతి ప్రయోజన చట్టం (1961) 26వ వారం దాకా గర్భస్రావంగానే లెక్కించింది. మనుస్మృతి అయిదో అధ్యాయం గర్భం ఎన్ని నెలలదైతే అన్ని రాత్రులు స్త్రీకి ఆశౌచం అంటుంది. మైల పేరుతోనే అయినా, పోయిన గర్భానికి నెలలు లెక్కగట్టిన పాత గ్రంథంగా దాన్ని ఇక్కడ పేర్కొనవచ్చు.

ఎన్నాళ్ళు ఆగాలి

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇది; జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ‘మూడు డేట్లు రానివ్వండి’ అనేది ఒక సలహా, ‘ఆరు నెలలు ఆగండి’ అనేది ఇంకొకటి. ఆరు నెలల సలహాకు మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం. అది జరిగింది 2005లో, నివేదికగా వెలువడింది 2007లో. అందుకే కొందరు ఒక ఏడాదిని, కొందరు ఇంకో ఏడాదిని పేర్కొంటారు. ఆ సమావేశం ప్రధానంగా ఆధారపడినది లాటిన్ అమెరికా దేశాల ఆస్పత్రుల రికార్డుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం. అందులో దానంతటది పోయిన గర్భాలనూ, తీయించుకున్న గర్భాలనూ వేరు చేసి చూడలేదు. గర్భవిచ్ఛిత్తి నేరంగా ఉన్న దేశాలు అక్కడ చాలానే ఉన్న కాలమది; రహస్యంగా తీయించుకోవడంలో వచ్చే ఇన్ఫెక్షన్లు, రక్తహీనత ఆ లెక్కల్లో కలిసే ఉంటాయని అనుకోవాలి. మన ‘అబార్షన్’ మాటలో ఉన్న చిక్కే అక్కడ అంకెల్లోనూ ఉంది.

తరువాతి అధ్యయనాలు వేరే దారి చూపాయి. స్కాట్లండ్‌లో మొదటి గర్భం పోయిన 30,937 మంది రికార్డులు పరిశీలించి 2010లో ప్రచురించిన వ్యాసంలో, ఆరు నెలల లోపే మళ్ళీ గర్భం దాల్చినవారికి ఇంకోసారి పోవడం తక్కువగా కనబడింది. 2022లో వచ్చిన నార్వే అధ్యయనం గర్భస్రావాన్నీ గర్భవిచ్ఛిత్తినీ విడివిడిగా లెక్కించింది. మూడు నెలల లోపు మళ్ళీ గర్భం వచ్చినా ఇబ్బందులు పెరిగినట్టు దానిలో తేలలేదు. త్వరగా గర్భం వచ్చేవారు సహజంగానే కాస్త ఆరోగ్యవంతులై ఉండవచ్చన్న అభ్యంతరం ఉంది. దాన్ని పూర్తిగా కొట్టెయ్యలేం. అయినా, అడిగిన ప్రశ్నకు సూటిగా సరిపోయే లెక్కలు ఈ రెండు అధ్యయనాలవే.

ఆగక తప్పని సందర్భాలు వేరు. ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) అయితే రక్తపరీక్షలు మామూలు స్థాయికి వచ్చి, డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా. ట్యూబులో గర్భానికి మెథోట్రెక్సేట్ ఇచ్చి ఉంటే కనీసం మూడు నెలలు. రక్తం బాగా పోయినప్పుడు, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఎన్నాళ్ళన్నది డాక్టరే తేల్చాలి. గర్భం పోయిన రెండు వారాలకే అండం విడుదల కావచ్చు. ఆగాలనుకునేవారికి ఈ సంగతి ముందే తెలియాలి, తెలిసేది అరుదు.

ఓస్లో ప్రయోగం

ఆసరాయే మందుగా పనిచేస్తుందా అనే చర్చలో తరచూ ప్రస్తావించేది 1984లో నార్వేలోని ఓస్లో నుంచి వచ్చిన అధ్యయనం. స్ట్రే-పెడర్సన్ దంపతులు పదే పదే గర్భం పోతున్న 195 జంటలను పరీక్షించారు. ఏ కారణమూ దొరకని 61 మందిలో 37 మందికి తరువాతి గర్భంలో వారం వారం పరీక్ష, స్కానింగ్, మాట్లాడే మనిషి, బరువు పనులకూ ప్రయాణాలకూ విరామం ఏర్పాటు చేశారు. వారిలో 86 శాతానికి గర్భం నిలిచింది. ప్రత్యేకంగా ఏమీ అందని 24 మందిలో 33 శాతానికే నిలిచింది. వైద్య సాహిత్యంలో దీనికి ‘ప్రేమగా చూసుకోవడం’ అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది.

అంకెలు అబ్బురంగా ఉన్నాయి కాబట్టే జాగ్రత్త అవసరం. ఎవరు ఏ వర్గంలో ఉండాలో చీటీలు వేసి తేల్చలేదు. 1997లో లండన్ నుంచి వచ్చిన అధ్యయనంలోనూ అంతే: తొలి నెలల క్లినిక్‌కు వచ్చిన 160 మందిలో 26 శాతానికి, రాని 41 మందిలో 51 శాతానికి గర్భం పోయింది. రానివారు ఎందుకు రాలేదో ఈ అంకెలు చెప్పవు. ఆసరా వల్ల గర్భం నిలుస్తుందని ఖాయంగా అనలేం. ఆ నెలలు గడపడం తేలికవుతుందనడానికి మాత్రం ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

‘లాన్సెట్’ వ్యాసాలు మూడు మెట్ల పద్ధతిని సూచించాయి. మొదటిసారి పోయినప్పుడు సమాచారం, సలహా. రెండోసారికి ప్రత్యేక క్లినిక్, కొన్ని పరీక్షలు. మూడోసారికి పూర్తి పరీక్షలు. మూడుసార్లు పోయేదాకా పరీక్షలే మొదలుపెట్టని పాత బ్రిటిష్ పద్ధతి మీద అది విమర్శ కూడా. యూరప్ సంతాన సాఫల్య నిపుణుల సంఘం 2017లోనే రెండుసార్లు చాలునంది.

నిలిపే మందులు

గర్భం ‘నిలవడానికి’ ప్రొజెస్టిరాన్ మాత్రలు, ఇంజెక్షన్లు మన దగ్గర ధారాళంగా రాస్తారు. బ్రిటన్‌లో 4,153 మందితో జరిగి 2019లో వెలువడిన ‘ప్రిజమ్’ పరీక్షలో, తొలి నెలల్లో రక్తం కనబడినవారందరినీ కలిపి చూస్తే తేడా స్వల్పం: బిడ్డ దక్కింది మందు వాడినవారిలో 75 శాతానికి, వాడనివారిలో 72 శాతానికి. మూడు లేదా ఎక్కువసార్లు పోయి, మళ్ళీ రక్తం కనబడినవారిలో మాత్రం 72, 57. ఆ తరువాత 2021లో అక్కడి వైద్య మార్గదర్శకాల సంస్థ ‘నైస్’, ముందు గర్భస్రావమై ఇప్పుడు రక్తం కనబడుతున్నవారికి దీన్ని సిఫారసు చేసింది. మంచం దిగొద్దనే సలహాకు ఇంతపాటి ఆధారం కూడా లేదు. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉన్నవారికి ఆస్పిరిన్, హెపారిన్. నెగటివ్ గ్రూపు వారికి అవసరాన్ని బట్టి యాంటీ-డి. ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచీ అందరికీ ఫోలిక్ యాసిడ్. ఇవి వేరే వ్యాసాల విషయం.

స్కానింగ్ గది

గర్భం పోయిందన్న సంగతి చాలామందికి తెలిసేది నొప్పితోనో రక్తంతోనో కాదు, స్కానింగ్ బల్ల మీద. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ప్రకారం ‘ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న తరహా బోర్డు గోడకు ఉంటుంది. ఆ చట్టానికి భయపడి చాలా కేంద్రాల్లో తెరను అవతలికి తిప్పి ఉంచుతారు, భర్తను లోపలికి రానివ్వరు. చట్టంలో అలాంటి షరతేమీ లేదు, ఆచారంగా పాతుకుపోయింది. దాంతో ‘హార్ట్‌బీట్ రాలేదమ్మా’ అన్న మాట ఆమె ఒంటరిగా వింటుంది. పొట్ట మీది జెల్ తుడుచుకుని, చెప్పులు వేసుకుని బయటికి వచ్చి, ఆ మాటను భర్తకు తానే చేరవేయాలి. తరువాతి గర్భంలో ఆరేడు వారాల స్కానింగ్‌కు అదే గదికి, అదే బల్ల మీదికి వెళ్ళాలి. మొదటిసారి ఏ వారంలో పోయిందో ఆ వారం దాటేదాకా నిద్ర పట్టలేదని చెప్పే తల్లులు కొల్లలు. మూడో నెలలో చేసే ఎన్‌టీ స్కాన్, అయిదో నెలలో చేసే టిఫా స్కాన్ అయ్యాక కొంత తెరిపి. భర్తను గదిలోకి రానివ్వడానికి ఖర్చేమీ కాదు. ఈ వ్యాసకర్త దృష్టిలో మొదట మారవలసింది అదే.

గర్భం పోయినవారి మనఃస్థితి మీద లండన్ ఆస్పత్రుల అధ్యయనం (2020) ప్రకారం నెల తరువాత 29 శాతం మందిలో, తొమ్మిది నెలల తరువాత 18 శాతం మందిలో తీవ్ర మానసిక ఆఘాత లక్షణాలు కనిపించాయి. తొమ్మిది నెలలంటే చాలామంది మళ్ళీ ప్రయత్నంలోనో, మళ్ళీ గర్భంతోనో ఉండే సమయం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ (14416) ఫోన్‌లో తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. అది ఈ ఒక్క సమస్యకే పెట్టినది కాదు. బ్రిటన్‌లో ఇందుకోసమే 1982లో మిస్‌క్యారేజ్ అసోసియేషన్ ఏర్పడింది.

ఇంట్లో

మూడో నెల వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకూడదనేది తెలుగునాట గట్టి కట్టుబాటు. దిష్టి తగులుతుందని ఒక కారణం, పోతే పదిమందికీ చెప్పుకోలేమని ఇంకో కారణం. ఎక్కువ గర్భస్రావాలు ఆ మూడు నెలల్లోనే జరుగుతాయి. కాబట్టి కడుపుతో ఉన్నట్టు తెలియని వాళ్ళకు కడుపు పోయినట్టూ తెలియదు. పెళ్ళిలో కలిసిన పిన్ని ‘ఏమ్మా, ఏమైనా విశేషమా?’ అని నవ్వుతూ అడుగుతుంది. ఆమెకు తెలియకపోవడం ఆమె తప్పు కాదు. ప్రతి నెలా డేట్ వచ్చిన రోజు ఈ ప్రశ్న మరీ బరువు. భర్తను మాత్రం ‘ఆమెను జాగ్రత్తగా చూసుకో’ అంటారే గానీ, అతనికెలా ఉందని అడిగేవారుండరు.

‘అబార్షనైనా కాన్పుతో సమానమే’ అనే పెద్దవాళ్ళున్న ఇళ్ళలో సంగతి కొంత మేలు. పుట్టింటికి పంపి, బాలింతకు పెట్టినట్టే వెల్లుల్లి కారంతో వేడన్నం పెట్టి, చన్నీళ్ళు తాకనివ్వరు. పథ్యం సంగతి ఎలా ఉన్నా, ఏదో జరిగిందని ఇల్లంతా ఒప్పుకోవడమే అందులోని ఆసరా. లేనిచోట ‘చిన్నవాళ్ళే కదా, మళ్ళీ పుడతారులే’ అన్న మాటతో నాలుగో రోజుకే వంటింట్లోకి వెళ్ళడం. తప్పు వెతకడమూ ఇంట్లోనే మొదలవుతుంది: బొప్పాయి ముక్క తిన్నది, స్కూటీ నడిపింది, మెట్లెక్కింది. తొలి నెలల గర్భస్రావాల్లో సగం, బహుశా అంతకన్నా ఎక్కువ, పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల జరిగేవి. వాటిని తల్లి చేసిన ఏ పనీ తేలేదు, ఏ జాగ్రత్తా ఆపలేదు.

మొక్కులు కూడా ఆసరాలో భాగమే. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి సంతానం కోసం పూజలు చేయించే ఆచారం పాతది. తమిళనాడులో తంజావూరు జిల్లా తిరుక్కరుగావూర్‌లోని గర్భరక్షాంబిక గుడికి తెలుగువారూ వెళ్తారు. అక్కడ సంతానం కోరేవారికి నెయ్యి, సుఖప్రసవం కోరేవారికి ఆముదం ప్రసాదంగా ఇస్తారు.

సెలవు, సర్కారు

ప్రసూతి ప్రయోజన చట్టం (1961) తొమ్మిదో సెక్షన్ గర్భస్రావమైన ఉద్యోగినికి ఆ మర్నాటి నుంచి ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ సెలవు ఉంది. ఈఎస్ఐ పరిధిలోనూ ఆరు వారాల ప్రయోజనం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు మొత్తం సర్వీసులో కలిపి 45 రోజులు. మూడుసార్లు పోయినా ఆ 45లోంచే. పొలం కూలికి, ఇంటిపనివారికి ఇవేవీ వర్తించవు. సెలవుకు రుజువు కావాలి. ఆరో వారంలో ఇంట్లోనే పోయినావిడ దగ్గర కిట్ మీది రెండు గీతలు తప్ప చూపడానికేమీ ఉండదు. పైగా సెలవు చీటీ మీద కారణం రాస్తే, మళ్ళీ ప్రయత్నిస్తున్నదన్న సంగతి ఆఫీసంతా ఊహించుకుంటుందని మామూలు సిక్ లీవ్‌తో సరిపెట్టుకునేవారు ఉన్నారు.

ఆశా కార్యకర్త గర్భిణి పేరు నమోదు చేస్తుంది, కాన్పయ్యాక ఇంటికి వచ్చి చూస్తుంది. ఆస్పత్రిలో కాన్పయితే ఆరుసార్లు, ఇంట్లో అయితే ఏడుసార్లు. ఆ రాకపోకల పట్టిక పసిబిడ్డ వయసు ప్రకారం వేసినది కాబట్టి, బిడ్డ లేని ఇంటికి అందులో తేదీ లేదు. గర్భిణులకు వాయిదాల్లో నగదు ఇవ్వడానికి 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో గర్భం పోయిన స్త్రీకి తరువాతి గర్భంలో మిగిలిన వాయిదాలే ఇచ్చేవారు. 2022 తరువాత వచ్చిన నిబంధనల ప్రకారం ఆమెను కొత్త లబ్ధిదారుగా మొదటి నుంచి లెక్కిస్తున్నారు.