ఆరు ప్రశ్నల అర్థం

ఆత్మహత్య ముప్పును పసిగట్టేందుకు వైద్యులు వాడే కొలంబియా స్కేలును కెల్లీ పోస్నర్ బృందం 2011లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వివరించింది. దాని పొట్టి రూపంలో ఆరే ప్రశ్నలు. ఒక్కో మాటకూ హద్దు తెలిసి అడిగితేనే వాటికి ఫలం.

స్క్రీనింగ్: అంటే జల్లెడ పట్టడం. రోగనిర్ధారణ కాదు, జోస్యం అసలే కాదు. ఎవరితో ఇంకాస్త నిదానంగా మాట్లాడాలో చెబుతుంది, అంతే.

కోరిక: "నిద్రలోనే పోతే బాగుండు" అనుకోవడం. మొదటి ప్రశ్న దీన్ని గురించే. మన ఇళ్లలో విసుగుకు కూడా ఈ మాట అంటారు కనుక వినేవారు దాటేస్తారు. దాటేయకూడదు. నోటి మాటా, మనసులోదా అని అడిగి తెలుసుకోవాలి.

ఆలోచన: "నన్ను నేనే చంపుకోవాలి" అన్న తలంపు. రెండో ప్రశ్న. కోరికలో కర్త చావు. ఆలోచనలో కర్త తానే. తేడా అంతా అక్కడుంది. జవాబు 'లేదు' అయితే తిన్నగా ఆరో ప్రశ్నకు వెళ్లాలి. 'అవును' అయితే నడుమ మూడూ అడగాలి.

ఊహ, ఉద్దేశం, ప్రణాళిక: 'ఎలా' అని తలపోయడం ఊహ. అమలు చేయాలన్న పట్టు కొంతైనా ఉండటం ఉద్దేశం. వివరాలు కుదుర్చుకొని, చేసి తీరాలనుకోవడం ప్రణాళిక. చివరి రెండింటిలో ఏ ఒక్కటి గత నెల రోజుల్లో ఉన్నా ముప్పు ఎక్కువే. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

చర్య: ఆరో ప్రశ్న. ప్రయత్నమే కాదు, సన్నాహమూ చర్యే. అనగా ఉత్తరం రాసిపెట్టడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం వంటివి. మొదలుపెట్టి తానే ఆగినా, ఎవరో ఆపినా చర్యే. "ఏమీ కాలేదుగా" అంటారు ఇంటివాళ్లు. గాయం కాకపోవడం వేరు, చర్య జరగకపోవడం వేరు. గత మూడు నెలల్లో జరిగి ఉంటే ముప్పు మరీ దగ్గరిది.

పాజిటివ్, నెగటివ్: ఒక ఊహా లెక్క వేద్దాం. 1000 మందిలో 10 మందికి ముప్పుంది. జల్లెడ ముప్పున్నవారిలో నూటికి 90 మందిని పడుతుంది, లేనివారిలో నూటికి 90 మందిని వదిలేస్తుంది. అంటే పట్టుబడేది 9 మందీ, వారితో పాటు ముప్పు లేని 99 మందీ. పట్టుబడినవారిలో పన్నెండు మందికి ఒక్కరికే నిజమైన ముప్పు. కనుక పాజిటివ్ అంటే ముద్ర కాదు, మాట కలపడానికి పిలుపు. మరి పదో మనిషి? ఆ మనిషి 'లేదు' అని చెప్పి గుమ్మం దాటిపోయాడు. కనుక నెగటివ్ అంటే హామీ కాదు.

అడగడం: అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. ఆత్మహత్య అన్న మాటే ఎత్తి సూటిగా, మెల్లగా అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆసుపత్రి బయట ఈ భారం మోస్తున్నవారికి మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పలుకుతుంది. పదో మనిషి కోసం రేపు మళ్లీ అడగాలి.